కుడికాలికి ఎర్ర పోగు

కప్పులు గెలిచిన కాలేజీ కాదు మాది. డెబ్బయ్యో దశకంలో నేను బెజవాడలో చదివిన మూడేళ్ళలో కాలేజీల మధ్య జరిగే ఫుట్‌బాల్ పోటీల్లో రెండుసార్లు ఫైనల్ దాకా వెళ్ళాం, రెండుసార్లూ తలలు వేలాడేసుకుని తిరిగొచ్చాం. కప్పు ఎప్పుడూ ఊళ్ళోనే ఉన్న ఇంకో పెద్ద కాలేజీ వాళ్ళు ఎగరేసుకుపోయేవాళ్ళు. వాళ్ళకి పొద్దునా సాయంత్రం నీళ్ళు కొట్టిన పచ్చటి గ్రౌండు, అందరికీ బూట్లు, ప్రాక్టీసు అయ్యాక కోడిగుడ్లు, అరటిపళ్ళు. మాది గడ్డి మొలవని గ్రౌండు. దాని నడిమధ్యలోంచి హాస్టలు వంటాయన సైకిలు దారి. మేం ఆడుతుంటే కూడా ఆయన బెల్లు కొట్టుకుంటూ గోల్ ముందునుంచే వెళ్ళిపోయేవాడు.

అయినా సరే, ఆటని నమ్ముకుని ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ళు ఆ పెద్ద కాలేజీలో ఒకళ్ళో ఇద్దరో. మా జట్టులో సగానికి సగం మంది రైల్వేలోనో, పోర్టులోనో, పోలీసుల్లోనో చేరి బంతి తన్నుకుంటూ బతికారు. అదెలాగయ్యా అని నన్ను చాలామంది అడిగారు. మా పీడీ గారు మమ్మల్ని కప్పు కోసం ఆడించలేదు, అదే సంగతి. ఇప్పుడు ఇంత నింపాదిగా చెబుతున్నాను గానీ, ఆ రోజుల్లో ఈ ఒక్క సంగతి మీదే ఆయన్ని నేను తిట్టని తిట్టు లేదు.

పీడీ అంటే ఫిజికల్ డైరెక్టరు. ఆయనది మంగళగిరి, నేతపని వాళ్ళ ఇల్లు. రోజూ పొద్దున్నే బస్సులో బ్యారేజీ దాటి వచ్చేవారు. సన్నగా, పొట్టిగా ఉండేవారు, గొంతు ఎప్పుడూ పెంచేవారు కాదు. చొక్కా జేబులో విజిలుతో పాటు ఎర్ర నూలుపోగుల చుట్ట ఒకటి ఉండేది. ఇంట్లో చీరల అంచులకి వాడగా మిగిలిన ముక్కలవి. గ్రౌండులోకి అడుగుపెట్టగానే మేం వరసగా నిలబడితే, ఒక్కొక్కళ్ళ కాలి మడమ పైన ఒక పోగు కట్టేవారు. పోగు కట్టిన కాలు ఆ పూట బంతిని ముట్టుకోకూడదు. కుడివాటం వాళ్ళకి కుడికాలికి, ఎడమవాటం వాళ్ళకి ఎడమకాలికి. మరిచిపోయి తన్నామా, గ్రౌండు చుట్టూ పది రౌండ్లు.

"మా మగ్గం ఒంటికాలితో నడవదురా, మీరెలా నడుస్తారు?" అనేవారు.

అంతటితో అయిపోయేదా! ప్రాక్టీసు మ్యాచి మంచి ఊపులో ఉండగా విజిలు ఊది, గోల్ కొట్టేవాణ్ణి వెనక్కి, వెనక ఉన్నవాణ్ణి ముందుకి మార్చేసేవారు. ఆదివారాలు మమ్మల్ని ఇద్దరిద్దరు చొప్పున విడదీసి లోకో షెడ్డులో పనిచేసే పెద్దవాళ్ళ జట్ల మధ్య పడేసేవారు. వాళ్ళు మన పేరు కూడా అడగరు. బంతి ఇస్తే ఆడాలి, ఇవ్వకపోతే ఇచ్చేలా పరిగెత్తాలి. మోచేతులతో పొడిచేవాళ్ళు. వన్‌టౌన్‌లో టైలరు గారబ్బాయి మా గోల్ కాసే గోలీ, నాకు ప్రాణస్నేహితుడు. వాడు ఆ ఆదివారాలని అత్తారింటి మర్యాదలు అని వెక్కిరించేవాడు.

నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. నేను సెంటర్ ఫార్వర్డుని. నా కుడికాలి మీద నాకు అంత నమ్మకం. పైగా నాకు ఉద్యోగం కావాలి, ఊరికే కాదు, తొందరగా కావాలి. మా నాన్న దివిసీమ వైపు ఒక లాకుల దగ్గర లస్కరు, అంటే కాలవ తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. మేం ఉండేది లాకుల పక్కనే ప్రభుత్వం ఇచ్చిన ఒంటిగది ఇంట్లో. అమ్మ గోడకి మరియమ్మ పటం తగిలించుకుని, ఆ గదిని అద్దంలా ఉంచేది. నాన్న రిటైరైన నాడు ఆ గది ఖాళీ చెయ్యాలి. మాకు వేరే ఇల్లు లేదు, సెంటు భూమి లేదు. నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలోకి వచ్చేసరికి నాన్న సర్వీసు ఇంకొక్క ఏడాది మిగిలింది. కప్పు గెలిస్తే, నేను గోల్స్ కొడితే, ఎవరో ఒకరి కంట్లో పడతాననేది నా ఆశ. మరో దారి నాకు తెలియదు.

ఆ ఏడు ఫైనల్‌కి రెండు రోజుల ముందు నా ఓపిక చచ్చిపోయింది. ఆయన కట్టిన పోగుని పుటుక్కున లాగి తెంపేసి, కుడికాలితో వరసగా మూడు గోల్స్ కొట్టాను. కొట్టి ఆయన వంక తలెగరేసి చూశాను. ఆయన కిందపడ్డ పోగు తీసి, దులిపి జేబులో వేసుకున్నారు.

ఫైనల్ రోజున జట్టు చదివారు. నా పేరు వెనక ఎడమపక్క కాసే లెఫ్ట్ బ్యాక్ దగ్గర వినబడింది. ముందు పొరబాటున చదివారనుకున్నాను. కాదని తెలిశాక నా ఒళ్ళు మండిపోయింది. పోగు తెంపినందుకు కక్ష కట్టాడు ఈయన, నా నోటి దగ్గర కూడు లాగేస్తున్నాడు అనుకున్నాను. కోపమంతా ఆటలో చూపించాను. అవతలి కాలేజీ రైట్ వింగరు ఊళ్ళో పేరుమోసినవాడు. వాణ్ణి ఆ తొంభై నిమిషాలూ నా పక్కనుంచి ఒక్కసారి కూడా పోనివ్వలేదు. అది కుడికాలితో అయ్యే పని కాదు. ఎడమకాలు దానంతటదే వెళ్ళి బంతిని తీసేసుకునేది. అది కూడా నేను గమనించలేదు. నా కళ్ళన్నీ ముందువైపే ఉన్నాయి. నా చోట ఆడిన కుర్రాడు ఖాళీ గోల్ ముందు బంతిని పైకి లేపేశాడు. ఆఖర్లో అవతలి పక్కనుంచి వచ్చిన కార్నరు మీద వాళ్ళు ఒక గోల్ కొట్టారు. ఒకటి, సున్నా. కప్పు మళ్ళీ వాళ్ళదే.

విజిలు మోగాక నేను తిన్నగా ఆయన దగ్గరికి వెళ్ళి, అందరూ చూస్తుండగా, చెమట జెర్సీ విప్పి ఆయన కాళ్ళ ముందు విసిరికొట్టాను.

"నా పొట్ట మీద కొట్టారు సార్," అన్నాను.

ఆయన వంగి ఆ జెర్సీ తీసుకున్నారు. చేతులు రెండూ సమంగా మడిచి, నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకున్నారు. పరీక్షలు రాసి కాలేజీ వదిలేదాకా మళ్ళీ ఆయనతో నేను మాట్లాడలేదు. ఎదురుపడితే తల తిప్పుకునేవాణ్ణి. అప్పుడంత తలపొగరు నాకు ఎక్కడినుంచి వచ్చిందో గానీ, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

మే నెలలో రైల్వే జట్టు సెలక్షన్లకి సికింద్రాబాదు రమ్మని కార్డు వచ్చింది. ఎందుకు పిలిచారో అర్థం కాలేదు, అర్జీ పెట్టాను కదా అందుకే అనుకున్నాను. గ్రౌండులో ఎక్కడెక్కడి కుర్రాళ్ళో ఉన్నారు. బెజవాడ పెద్ద కాలేజీ వింగరూ వచ్చాడు. పేర్లు రాసుకుంటున్న పెద్దాయన, తెల్లటి టోపీ పెట్టుకుని ఉన్నారు, నన్ను ఎగాదిగా చూసి, బెజవాడ ఫైనల్లో లెఫ్ట్ బ్యాక్ ఆడింది నువ్వే కదూ అని అడిగారు.

"కాదండీ, నేను ఫార్వర్డునండీ," అన్నాను.

చూడండి నా తెలివి! ఆయన విసుక్కోలేదు. ఫార్వర్డులు అటు నిలబడ్డారు, పాతికమంది ఉన్నారు, మాకు కావలసింది ఒక్కడు, అదీ లెఫ్ట్ బ్యాక్, నువ్వు బ్యాకువైతే ఇటు రా అన్నారు. నేను అటు చూశాను. పాతికమందీ బూట్ల తాళ్ళు బిగించుకుంటున్నారు. లాకుల దగ్గర ఒంటిగది, గోడ మీద పటం కళ్ళ ముందు మెదిలాయి. అభిమానం దిగమింగుకుని ఇటు వచ్చి నిలబడ్డాను.

తర్వాత గంటసేపు ముక్కూమొహం తెలియనివాళ్ళతో ఆడించారు. చోటు మార్చినప్పుడల్లా, బంతి రానప్పుడల్లా, వింగరు లాంటివాళ్ళు చేతులు చాచి గోల చేస్తున్నారు. వాళ్ళ కాలేజీలో పదిమంది కలిసి వాడికి బంతి అందించేవాళ్ళు. ఇక్కడ ఆ పదిమంది లేరు. నాకు మాత్రం ఇదంతా లోకో షెడ్డు ఆదివారంలా ఉంది. ఎవరూ పేరు అడగలేదు, నేనూ అడగలేదు. ఎడమకాలు తన పని తాను చేసుకుపోయింది. అప్పటికి గానీ నా బుర్రలో ఏదో కదలలేదు.

జూలైలో, కాలవలకి నీళ్ళు వదిలిన వారంలో, అప్పాయింట్‌మెంట్ కాగితం వచ్చింది. నాన్న లాకు తలుపు చక్రం తిప్పుతున్నవాడు తిప్పుతున్నట్టే ఆగిపోయి, తడిచేతులు పంచెకి తుడుచుకుని ఆ కాగితాన్ని అంచులు పట్టుకుని చూశాడు. చదవడం రాదు ఆయనకి. ఇల్లు ఇస్తారా అని ఒక్క ముక్క అడిగాడు. క్వార్టర్సు ఇస్తారు నాన్నా అన్నాను. ఆయన మళ్ళీ చక్రం మీద చేతులు వేశాడు గానీ తిప్పలేకపోయాడు. ఇద్దరం కలిసి తిప్పాం.

ఆ మర్నాడే కాగితం పట్టుకుని పీడీ గారికి చూపిద్దామని కాలేజీకి వెళ్ళాను. గ్రౌండులో ఎవరో కొత్తాయన విజిలు ఊదుతున్నారు. వన్‌టౌన్ వెళ్ళి మా గోలీని పట్టుకుంటే, వాడు తల దించుకుని చెప్పాడు. పీడీ గారిది పర్మినెంటు ఉద్యోగం కాదు. ఈసారి కప్పు రాకపోతే కొనసాగించేది లేదని యాజమాన్యం ఫైనల్‌కి ముందే చెప్పేసింది. ఆ సంగతి ఆయనకి తెలుసు. రైల్వే వాళ్ళ లెఫ్ట్ బ్యాక్ మోకాలు పోయిందనీ తెలుసు. తెల్లటోపీ పెద్దాయనకి ఉత్తరం రాసి, ఫైనల్‌కి పిలిపించి, గ్రౌండు మూలన కూర్చోబెట్టింది ఆయనే. మా గోలీకి ఇదంతా ఫైనల్ రోజే తెలుసట, చెప్పొద్దని ఆయన ఒట్టు వేయించుకున్నారట. నేను అక్కడే టైలరు గారి అరుగు మీద కూలబడి ఏడ్చాను.

మంగళగిరి బస్సెక్కాను. ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళేసరికి ఆయన గుంటమగ్గంలో కూర్చుని ఉన్నారు. నడుము దాకా గుంటలోనే, కాళ్ళు కనబడవు. కింద ఆయన తొక్కే రెండు చెక్కలు మారి మారి చప్పుడు చేస్తున్నాయి. క్షమించమని అడగాలనే వెళ్ళాను. కాగితమే చాచాను.

ఆయన మగ్గం ఆపి, చేతులు తుడుచుకుని, కాగితం మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు పైకి చదివారు. వంటింట్లో ఉన్న భార్యని కేకేసి పిలిచారు. ఆయన గొంతు పెంచగా నేను విన్నది ఆ ఒక్కసారే.

"ఇదిగో, మనవాడికి వచ్చింది."

ఆవిడ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. ముందే ఒక్క మాట చెప్పి ఉంటే సంతోషంగా ఆడేవాణ్ణి కదా సార్, మీ మీద ఆ మాట అనేవాణ్ణి కాదు కదా అన్నాను.

"చెబితే ఆ మూలకి చూసుకుంటూ ఆడేవాడివిరా. ఆ టోపీ ఆయనకి కావలసింది బంతిని చూసేవాడు."

మరి మీ ఉద్యోగం సార్ అని అడిగాను. ఆయన కాగితాన్ని ఉన్న మడతల మీదే మడిచి నా చేతికిచ్చి, బయల్దేరే ముందు అన్నం తిని వెళ్ళమని చెప్పి, మళ్ళీ మగ్గం మీద చేతులు వేశారు. గుంటలో ఎడమ చెక్క, కుడి చెక్క, మళ్ళీ ఎడమ చెక్క చప్పుడు మొదలైంది. నేను గుంట అంచున నేల మీద కూర్చుని, నా కుడికాలు చాచి ఆయన ముందు పెట్టాను. ఆయన మగ్గం మీది చీర అంచు దగ్గరనుంచి ఒక ఎర్ర పోగు తెంపి, కట్టారు.