జింకలకు మా అమ్మ గొంతు తెలుసు

మా అమ్మకు జింక అంటే మంట. మాది కర్నూలు జిల్లా పడమటి వైపు, కనుచూపు మేర చెట్టు కనిపించని ఎర్రనేల మైదానం. అక్కడ జింకలు మందలు మందలుగా తిరుగుతాయి. వేరుశనగ మొలక రెండాకులు వేసిందంటే చాలు, ఎక్కడి నుంచి వస్తాయో తెలియదు, తెల్లారేసరికి సాలుకు సాలు నున్నగా గొరిగి పెట్టి పోతాయి. చేను చుట్టూ పాత చీరలు కడితే నాలుగు రోజులు బెదురుతాయి, ఆ తర్వాత వాటి మీదుగానే దూకి వస్తాయి. వాటిని కొట్టకూడదు, పట్టకూడదు. అరిచి తరమడం ఒక్కటే దారి. ఆ అరుపులో మా ఊళ్లో మా అమ్మను మించినవాళ్లు లేరు.

నేను బళ్లో చదువుకునేటప్పుడు వాచకంలో జింక మీద ఒక పాఠం ఉండేది. అమాయకమైన జింక, బెదురు చూపుల జింక, వలలో చిక్కి కన్నీళ్లు పెట్టుకున్న జింక. చేను గట్టున కూర్చుని దాన్ని పైకి చదువుతుంటే నాకు ఏడుపొచ్చేది. అమ్మ కలుపు తీస్తూ అంతా విని, "ఇది రాసినాయప్పకు శెనిక్కాయ చేను ల్యాదేమో" అనింది. నాకు కోపం వచ్చింది. కానీ అదే సాయంత్రం మంద దిగితే అమ్మతో పాటు మట్టిగడ్డలు తీసుకుని నేనూ పరిగెత్తాను. పుస్తకంలో జింకను చూసి ఏడ్చేదీ నేనే, చేలో జింకను చూసి తిట్టేదీ నేనే. రెండూ ఒకటే జంతువని నాకు చాలాకాలం తట్టలేదు.

తర్వాత తెలుగు చదువుకుని, పెళ్లై కడపకు వచ్చి, ఇక్కడే కాలేజీలో తెలుగు చెబుతున్నాను. జింకను ఎక్కడ చూశారని క్లాసులో అడిగితే పిల్లలంతా జూలో అంటారు, ఎంత ముద్దుగా ఉంటుందో అంటారు. మా ఊళ్లో అడిగితే చెప్పే మాటలు వేరే, అవి క్లాసులో చెప్పదగినవి కావు. ఇక మన కవుల సంగతి సరేసరి. ఆడదాని కళ్లను పొగడాలంటే జింక లేనిదే వాళ్లకు పూట గడవదు. ఒకసారి ఊరికి పోయినప్పుడు ఆ మాట అమ్మకు చెప్పాను. అమ్మ నవ్వింది.

"వాటి కండ్లు ఎవురు చూసినారంట? ఇన్నేండ్లుగా నాకు కనపడేది తోకలే."

ఆ తర్వాత కొద్ది కాలానికే అమ్మ సొంత కళ్లు మసకబారడం మొదలైంది. కడపలో చూపిస్తే శుక్లాలన్నారు. కుడికంటికి ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయించుకోవాలని, బాగా ముదిరితే చూపు పూర్తిగా తిరిగి వస్తుందని చెప్పలేమని డాక్టరు హెచ్చరించాడు. అమ్మ సరేనని ఊరికి పోయింది, ఇక రాలేదు. ఫోన్ చేస్తే, "మొలక వచ్చినాది, జింకలు తిరుగుతాండాయి, ఊడలు దిగినాక వస్తాలే" అంటుంది. ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే వేళకు అడవిపందులు వస్తాయి. పంట ఇంటికి చేరాక పెళ్లిళ్లు, పేరంటాలు వస్తాయి. అట్లా ఏళ్లు గడిచాయి.

నాన్న పోయాక సేద్యం చూసేది మా తమ్ముడు. వాడు నాకంటే ఎక్కువే బతిమాలాడు. కానీ వాడు అరిస్తే జింకలు నాలుగడుగులు వేసి, నిలబడి వెనక్కి తిరిగి చూస్తాయట. అమ్మ అరిస్తేనే వంక దాటి పోతాయట. ఇది అమ్మ చెప్పే మాట. తమ్ముడు దాన్ని ఔననలేదు, కాదనా లేదు.

పోయిన వానాకాలం మొదట వేసిన విత్తనం వాన లేక మాడిపోయింది. రెండోసారి విత్తారు. ఆ మొలక కూడా పోతే మళ్లీ విత్తడానికి అదనూ లేదు, ఓపికా లేదు. అప్పటికి అమ్మ కుడికంటికి వెలుతురు తప్ప ఏమీ తెలియడం లేదు. ఎడమకన్నుతోనే గట్టు మీద తడుముకుంటూ తిరుగుతోంది. ఒకసారి పడింది కూడా. ఇక లాభం లేదని సెలవు పెట్టి ఊరికి పోయాను, వెంట తీసుకునే రావాలని.

నేను పోయేసరికి తమ్ముడు ఒక మైకు కొని తెచ్చాడు. బ్యాటరీతో నడిచే చిన్న మైకు. ఏ అరుపైనా అందులో రికార్డు చేసి పెడితే పొద్దంతా అదే అరుస్తుంది. పందులకనీ పిట్టలకనీ ఇప్పుడు చాలామంది చేలల్లో పెడుతున్నారు. అందరూ కుక్క మొరుగుడు పెట్టుకుంటే మావాడు ఇంకో మెట్టు ఎక్కాడు. ఎవరో జూలో తీసిన వీడియో ఫోన్లో దొరికితే, అందులోని పులి గాండ్రింపును మైకులోకి ఎక్కించాడు.

"ఇంగ ఒక్క జింక ఈ దిక్కు చూడదు, అక్కా" అన్నాడు. నాకూ భలే నచ్చింది. పులి అంటే జింకకు హడలని చిన్నప్పటి నుంచి చదువుకున్నదాన్ని కదా.

సాయంత్రం మంద దిగింది. ముందర మెలితిరిగిన కొమ్ములతో నల్లపోతు జింక, వెనక ఆడవీ పిల్లలూ. తమ్ముడు మైకు ఆన్ చేశాడు. పులి గాండ్రించింది. జింకలు తలలెత్తి ఒకసారి అటు చూసి, మళ్లీ మొలకలో మూతులు పెట్టాయి. బెదిరింది దారిన పోతున్న కూలి ఆడవాళ్లు మాత్రమే. ఒకామె సద్దిగిన్నె అక్కడే పారేసి పరిగెత్తింది. పాపం, పులి ఎట్లా అరుస్తుందో ఆమెకు సినిమాల్లో విని తెలుసు. విషయం తెలిశాక వాళ్లు మా తమ్ముడికి పెట్టిన చీవాట్లు ఇక్కడ రాయలేను.

అమ్మ గట్టు మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది. "ఈ బీట్లో పులి యాడుండాదిరా? వాటికి పులి ఎవురో తెల్దు. నేనెవురో తెల్సు."

ఆ మాటతో నాకు దారి దొరికింది. అమ్మ గొంతే మైకులోకి ఎక్కిద్దామన్నాను. అమ్మ ఒప్పుకుంది గానీ, తీరా నిలబెడితే నోరు పెగల్లేదు. "ఎదురుగా జింక ల్యాకుండా ఎవుర్ని తిట్టేది? డబ్బానా?" అని సిగ్గుపడింది. మర్నాడు మంద వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. తూర్పు పక్క దిగాయని తమ్ముడు చెప్పి, రికార్డు నొక్కి మైకు పట్టగానే అమ్మ లేచి కొంగు బిగించింది.

"హోయ్, ఏమే, యాడికొస్తాండారు? మీకు సిగ్గుండాదా? రెండు తూర్లు ఇత్తినామే. బీడంతా ఇడిసిపెట్టి నా నోటికాడిదే కావల్లనా మీకు? హోయ్, పోండి."

మంద దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆ దుమ్ము కూడా అమ్మకు కనిపించలేదు. చప్పుడు సద్దుమణిగాక, "పోయినాయా?" అని నన్ను అడిగింది. పోయాయని చెప్పి, ఆ రాత్రే అమ్మ బట్టలు సర్దాను.

మరుసటి రోజే కడప బస్సెక్కాం. ఆపరేషన్ జరిగింది. ఊళ్లో తమ్ముడు, జింకలు అలవాటు పడిపోకుండా మైకును రోజూ ఒక మూల నుంచి ఇంకో మూలకు మార్చేవాడు. సాయంత్రం వాడు ఫోన్ చేస్తే వెనక అమ్మ తిట్లు వినిపించేవి. అమ్మ కంటికి కట్టుతో మంచం మీద పడుకుని, ఫోన్ చెవికి ఆనించుకుని, తన గొంతు తానే వినేది. "బాగానే తిడతాండా" అని మెచ్చుకునేది. గట్టు పక్క సాళ్లు కొన్ని పోయాయి గానీ చేను నిలిచింది. శుక్లం ముదిరినందువల్ల కొంచెం కష్టమైందని, అయినా చూపు బాగా వచ్చిందని డాక్టరు చెప్పిన రోజు నేను ఆస్పత్రి వరండాలో నిలబడి ఏడ్చేశాను.

ఊరికి పంపేముందు ఒంటిమిట్ట రాముణ్ణి చూపించి, అట్నుంచి అటే తిరుపతి తీసుకుపోయాను. అమ్మ బస్సులో కిటికీ పక్క కూర్చుని, మంగంపేట దగ్గర ముగ్గురాయి మోసే లారీల రంగులు కూడా పైకి చెప్పుకుంటూ వచ్చింది. కొండ దిగాక జూకు పోయాం.

పులి నీడలో వెల్లకిలా పడుకుని ఉంది. అమ్మ కాసేపు దాన్ని చూసి, "మన జింకలు దీన్ని లెక్కజేయలేదని దీనికి తెలిస్తే శానా బాధపడతాది" అనింది.

తర్వాత జింకల ఆవరణ. జనం కంచె దగ్గర నిలబడి నాలుకతో చప్పుడు చేస్తూ పిలుస్తున్నారు. ఒక నల్లపోతు తీరిగ్గా నడిచి వచ్చి సరిగ్గా అమ్మ ముందర నిలబడింది. తెల్లటి అంచు మధ్యలో పెద్ద నల్లని కన్ను. ఒకరి ముఖంలోకి ఒకరు చూసుకున్నారు.

"మీ కవులు అబద్ధం చెప్పలేదులే" అనింది అమ్మ. కానీ ఆమె ముఖంలో సంతోషం లేదు. దాన్ని కాళ్ల దాకా చూసి, "ఇదేందే, నన్ను చూసి పోదేం? కాళ్లు నొప్పా దీనికి?" అని అడిగింది.

ఇక్కడే పుట్టి ఉంటాయని, మనుషులంటే భయం పోయి ఉంటుందని చెప్పాను.

"మరి పరిగెత్తేది? అది ఉండాదా, అదీ పోయినాదా?"

నాకు తెలియదన్నాను. అమ్మకు అది సహించలేదు. నేను ఆపేలోగా కొంగు బిగించి, కంచె పట్టుకుని, "హోయ్" అని ఒక్క కేక వేసింది.

ఆవరణలో ప్రతి తలా లేచింది. నల్లపోతు గాల్లోకి ఎగిరింది, దాని వెనక మంద మొత్తం. నేల తాకీ తాకకుండా మనిషెత్తు లేస్తూ, ఆ చివరి దాకా పోయి, అక్కడ మలుపు తిరిగి మళ్లీ ఎగిరాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. కాపలా మనిషి పరిగెత్తుకుంటూ వచ్చి మమ్మల్ని కసిరాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. నేను చేతులు జోడించి తప్పైందని చెబుతున్నాను. అమ్మ మాత్రం ఆయన వైపు చూడనే లేదు. జింకలు ఆగేదాకా వాటినే చూసింది. కంచె అవతల ఆమెది ఒక్క మొలక కూడా లేదు.

"ఎంత బాగా ఎగురుతాయే ఇవి" అనింది చివరికి. "ఇన్నేండ్లు నేను చేను దిక్కే చూస్తాంటి."