సీరోస్ కొండ మీద చెప్పులు విప్పితే

మా అత్త బైబిలు చివర ఒక పటం ఉంటుంది. పౌలు ఓడెక్కి ఏయే ఊళ్లు తిరిగాడో ఎర్రగీతలు గీసి చూపించే పటం. తన కొడుకు పనిచేసే ఓడ ఏదో గ్రీసు దీవిలో మరమ్మతుకి ఆగిందనీ, వేసవి సెలవుల్లో నేను అక్కడికి వెళ్తున్నాననీ తెలియగానే అత్త ఆ పటం ముందేసుకుని కూర్చుంది. ఎంత వెతికినా సీరోస్ అన్న ఆ దీవి పేరు కనపడలేదు. చుట్టుపక్కలంతా తిరిగినవాడు అక్కడికి మాత్రం వెళ్లకుండా ఉంటాడా అని తనే తేల్చేసింది. మా అత్తతో వాదించి గెలిచినవాళ్లు ఉద్దానంలో ఇంకా పుట్టలేదు.

ఆ పటం తీయడానికి కారణముంది. మా బావ, అంటే మేనమామ కొడుకు, ఇప్పుడు నా మొగుడు, ఓడలో ఇంజనీరు. పూండి దగ్గర మా ఊరి చర్చిలో పాట ఎత్తేది మా మావ, డోలక్ కొట్టేది బావ. మావ ఎలా ఎత్తితే సంఘమంతా అలా అందుకునేది. ఆ మావని కిడ్నీ జబ్బు తీసుకుపోయింది. పలాసకి డయాలసిస్ కోసం ఆటోలో తిరిగి తిరిగి ఒకనాడు పోయాడు. బావ అప్పుడు నడిసముద్రంలో ఉన్నాడు, మట్టికి అందలేదు. ఆ తరవాత ఊరికి వచ్చినా డోలక్ ముట్టుకోలేదు. చర్చిలో అందరూ పాడుతుంటే తలొంచుకుని గోళ్లు చూసుకునేవాడు.

"ఆ దేశంలో ఏదో ఒక గుడిలో నిలబెట్టి ఆడి సేత ఒక్క పాట పాడించీ. నా సెవిన పడాల" అంది అత్త. పాడకపోతే ఏం చెయ్యమంటావని అడిగాను. టీచరు ఉద్యోగం చేస్తూ ఆ మాత్రం పాడించలేవా అని జీడిపప్పు పొట్లం నా సంచిలో కుక్కింది.

నేను సీరోస్ చేరాక బావకి ఒకరోజు సెలవు దొరికింది. పొద్దున్నే ఊరి మీద పడ్డాం. రేవు దాటగానే నడిబజారు నిండా పాలరాయి పరిచేశారు. ఎప్పుడో ఓడల వ్యాపారంతో బలిసిన ఊరట, ఆ దర్జా ఇంకా దిగలేదు. నేను నోరు తెరుచుకుని మేడలు చూస్తుంటే, బావ రేవులో క్రేన్లు చూస్తున్నాడు. ఊరికి రెండు కొండలు, ఒక్కో కొండ ఒక్కో రకం క్రైస్తవులది. మా దగ్గర ఒకే వీధిలో మూడు సంఘాలు మైకులు పెట్టి పోటీ పడతాయి. వీళ్లు చక్కగా కొండలు పంచుకున్నారు.

ఎక్కగా ఎక్కగా ఒక సందు చివర చిన్న చర్చి కనపడింది. తలుపు తీసే ఉంది. గుమ్మం పక్కన పెద్ద అట్టపెట్టె, అందులో రకరకాల బూట్లు, చెప్పులు. "సూసేవా, ఇక్కడా మనలాగే" అన్నాను గొప్పగా. మొగుడూ పెళ్లాం ఇద్దరం చెప్పులు విప్పి, బుద్ధిగా ఆ పెట్టెలోనే సర్ది లోపలికి వెళ్లాం.

లోపల చల్లగా ఉంది. గోడల నిండా పటాలు, కొవ్వొత్తులు. నల్లగౌను ముసలమ్మ ఒకావిడ నేల మీద పడిన మైనం గీకుతోంది. ఇంతకన్నా మంచి చోటు దొరకదని బావని పాడమన్నాను. గొంతు బాగోలేదన్నాడు. ఏమైందంటే ఏమీ కాలేదన్నాడు. బతిమాలాను, కసిరాను, వాళ్లమ్మ పేరు చెప్పాను. గోళ్లు చూసుకుంటూ కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయి విసురుగా బయటికి వచ్చేశాను.

వస్తే ఏముంది, పెట్టె లేదు. కింద మలుపులో ఒక వ్యాను దిగిపోతోంది.

బావ వెనకే ముసలమ్మ వచ్చి మా వట్టి కాళ్లు చూసింది, చెంప మీద చెయ్యేసుకుంది. ఆవిడ సైగలు చేస్తుంటే మెల్లగా అర్థమైంది. అది చెప్పులు విడిచే పెట్టె కాదు, బీదవాళ్లకి పంచడానికి పాతబట్టలు, పాతచెప్పులు వేసే పెట్టె. బావ కొత్త బూట్లూ, పలాస బజారులో నేను ముచ్చటపడి కొన్న చెప్పులూ దానధర్మాల్లో కలిసిపోయాయి. ఆవిడ ఫోనులో ఎవరినో గట్టిగా కేకలేసి, తిరిగొస్తాయి, కూర్చోండని చేత్తో చూపించింది. దిగిపోదామా అంటే రాళ్లు పెనంలా కాలుతున్నాయి. గుడికి కప్పు వద్దన్న రావివలస ఎండల మల్లన్న కూడా అక్కడ గొడుగు అడిగేవాడు.

చేసేది లేక మళ్లీ లోపల కూర్చున్నాం. ముసలమ్మ మంచినీళ్లూ, చక్కెర పొడి అద్దిన మెత్తటి మిఠాయిలూ తెచ్చింది. నేను అత్త పొట్లం విప్పాను. ఆవిడ నాలుగు పప్పులు నోట్లో వేసుకుని, మిగతాది మొహమాటం లేకుండా జేబులో వేసుకుంది. నాకు ఆవిడ తెగ నచ్చింది. ఇంతకీ చెప్పులెందుకు విప్పారని సైగతో అడిగింది. బావ తన కాళ్లు చూపించి, నేల చూపించి, పైకి చూసి దండం పెట్టాడు. ఆవిడ వంగి, తన చెప్పులు కూడా విప్పి గుమ్మం బయట పెట్టి వచ్చింది.

బావ ఆ చెప్పుల వైపే చూస్తూ ఉండిపోయాడు.

"నాన్న బేంకుకెల్లినా సెప్పులు బైటే ఇడిసీవోడు" అన్నాడు.

నిజమే. టెక్కలి బ్యాంకులో మేనేజరు వద్దు మొర్రో అన్నా వినేవాడు కాదు మావ. ఒకసారి అలాగే చెప్పులు పోగొట్టుకుని, బస్సెక్కి వట్టి కాళ్లతో ఇంటికి వచ్చాడు. అది గుర్తొచ్చి ఇద్దరం పగలబడి నవ్వాం. నవ్వుతూ నవ్వుతూనే బావ వేళ్లు ముందున్న కుర్చీ వీపు మీద తాళం వేస్తున్నాయి. నేను ఫోను తీసి వీడియో పెట్టాను. బావ పాట ఎత్తాడు. గొంతు మొదట బొంగురుగా వచ్చి తరవాత తేరుకుంది. మళ్లీ మైనం గీకుతున్న ముసలమ్మ పని ఆపేసింది. నాకు ఏడుపు ఆగలేదు, ఆ వీడియో అంతా వణుకుతూనే ఉంటుంది.

వ్యాను తిరిగి వచ్చింది. చెప్పులు దొరికాయి. ఈలోగా వీడియో అత్తకి పంపేశాను. రేవుకి దిగేసరికి అత్త దగ్గర్నించి బావ ఫోనుకి వాయిస్ మెసేజి వచ్చి ఉంది. ఏడుస్తుందేమోనని బావ భయపడుతూ నొక్కాడు.

"రెండో సరణం ఇడిసేసి మూడోది పాడీసినాడు. ఆల్ల నాన్న కూడా సరీగా అక్కడే తప్పీవోడు. ఎన్నిపాల్లు సెప్పినా ఇన్నాడా?"

ఆ తరవాత అత్త రికార్డింగు ఆపడం మరిచిపోయిందేమో, పెరట్లో కోళ్ల అరుపులు మాత్రం వినిపించాయి. బావ అవి కూడా చివరిదాకా విన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని, ఓడ వైపు నడుస్తూ ఆ పాటే మళ్లీ ఎత్తుకున్నాడు. రెండో చరణం మళ్లీ వదిలేశాడు.