తాసిల్దారు మెచ్చిన ఎద్దులు

నా చిన్నప్పుడు కరువు లేని ఏడాదే తక్కువ. అయినా సర్కారు వాళ్లు రైలు మీద గడ్డి తెప్పించి ఊరికే పంచిన కరువు మాత్రం నాకు ఒక్కటే తెలుసు. కోసిగి స్టేషన్‌లో గడ్డి మోపులు దిగినాయంట, తాసిల్దారు ఊరూరా తిరిగి, పశువులు బక్కచిక్కిన ఇళ్లకు చీటీ రాసిస్తాడంట అని కబురొచ్చింది. ఊళ్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది.

మా జేజినాయనకు, అంటే మా నాయనను కన్న తండ్రికి, ఉన్నది ఒకే జత ఎద్దులు. అప్పటికే మేత అయిపోయి, కొట్టం మీద కప్పిన బోద గడ్డి పీకి వాటికి వేస్తున్నాము. ఎద్దులు పోతే వాన పడినా సేద్యం లేదు. సేద్యం లేకుంటే మూట కట్టుకొని కూలికి ఊరు వదలాల్సిందే. ఆ భయం ఇంట్లో అందరికీ ఉండేది, గౌను వేసుకునే వయసు పిల్లనైనా నాకు కూడా.

రేపు తాసిల్దారు వస్తాడనగా మా జేజినాయన ఏం చేసినాడో చెబితే మీరు నమ్మరు. వంకలో చెలమ తవ్వి, తాగడానికే చాలని ఆ నీళ్లతో ఎద్దులను కడిగినాడు. కొమ్ములకు ఆముదం పూసినాడు. ఏరువాక పండగకు కప్పే రంగు గుడ్డలు పెట్టెలోనుంచి తీసి వాటి వీపుల మీద పరిచినాడు. నాకదంతా సంబరమే. మా జేజికి, అంటే నాయనమ్మకు, మాత్రం ఒళ్లు మండిపోయింది.

"ఏమయ్యా, నీకు మతి ఉండాదా? డొక్కలు కనపడకుండా కప్పిపెడితే గడ్డి ఎవురిస్తారు?"

"పెద్దమనిషి మన గడప కాడికి వస్తాండాడు. పేడ మురికితో నిలబెడితే మనం సాకలేదనుకోడా? అంత సిగ్గుమాలిన పని నా చేత కాదు" అన్నాడాయన.

ఊళ్లో పెద్దింటాయనకు ఆ సిగ్గు లేదు. దొడ్లో వాములకు వాములు చొప్ప ఉన్నా, మంచి ఎద్దులను తోటకు తోలించి, ముసలి గొడ్లను పేడ కూడా కడక్కుండా వీధిలో నిలబెట్టినాడు.

తాసిల్దారు వచ్చి ముందు మా ఇంటి కాడనే ఆగినాడు. "ఇంత కరువులో కూడా ఎంత బాగా సాకినావయ్యా! నిన్ను చూసి ఊరంతా నేర్చుకోవాలి" అన్నాడు. మా జేజినాయన ముఖం వెలిగిపోయింది. చేతులు జోడించుకొని అట్లే నిలబడినాడు. తలుపు చాటున జేజి "అడుగయ్యా, అడుగు" అని గొణుగుతూనే ఉంది. ఆయన నోరు పెగల్లేదు. తాసిల్దారు ముందుకు పోయి, చీటీ పెద్దింటాయనకు రాసిచ్చినాడు.

"మెచ్చుకున్న మనిషిని ఎట్ల అడిగేది, నువ్వే చెప్పు" అన్నాడు జేజినాయన ఆ సాయంత్రం. జేజి తిట్టలేదు. కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

సర్కారు గడ్డి మా వాకిటి ముందరే బండ్ల మీద పెద్దింటికి పోయింది. మా ఎద్దుల్లో ఒకటి పడుకున్నది మళ్లీ లేవలేదు. జత పోయిన రెండోదాన్ని సంతలో అమ్మేసినారు. వాన పడినాక దున్నడానికి ఎద్దుల కోసం జేజినాయన పెద్దింటికే పోయినాడు. అక్కడ మాత్రం నోరు తెరవక తప్పలేదు. ఆ ఎద్దులకు బదులుగా మా నాయన పంట కోతల దాకా వాళ్ల చేన్లో చాకిరీ చేసినాడు.

ఎద్దులను శుభ్రంగా చూపడం తప్పని నేను ఏ నోటితో అనేది? నా కడుపు మండేదంతా ఆ మెప్పు మీదనే. ఆ దినం ఆయన ముఖంలో చూసిన సంతోషం తలచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది. ఈ వయసులో కూడా ఏ ఆఫీసరన్నా వచ్చి, "అవ్వా, నీ చేను ఎంత బాగుందో" అని మొదలుపెడితే ఆ మాట పూర్తి కానీయను. "అది సరే గానీ నాయనా, మాకు రావాల్సింది యాడ?" అని వెంటనే అడిగేస్తాను. నా కొడుకులు సిగ్గుతో తల దించుకుంటారు. దించుకోనీ. మా జేజినాయన ఆ ఒక్క పూట సిగ్గు విడిచి అడిగి ఉంటే, ఎద్దులు బతికేవి.