కచ్కిన్‌బాయ్ ప్లేయర్ల వేట

కచ్కిన్‌బాయ్ తన కంప్యూటర్లో ఏ వీడియో ప్లేయరునూ వారం దాటి బతకనివ్వడు. అది పాడవనక్కర్లేదు. బొమ్మ శుభ్రంగా ఆడుతూ ఉండగానే "దీనిలో సరుకు లేదు" అని తీసి పారేసి, ఇంకోదాన్ని వెతకడానికి కూర్చుంటాడు. అట్-బాషీ ఊరందరికీ ఇదొక నవ్వులాట. ఆయన భార్య బురుల్‌సున్‌కి మాత్రం నవ్వే ఓపిక ఎప్పుడో అయిపోయింది.

ఆయన ఉద్యోగమంతా పశువుల డాక్టరుగా గడిచింది. రిటైరయినా చెయ్యి ఊరుకోదు. కొత్త ప్లేయరు కంప్యూటర్లోకి దిగగానే, సంతలో గుర్రాన్ని చూసినట్టు దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తాడు.

"ఇది తిండిబోతు. మెమరీ అంతా మేసేసి నిలబడి నిద్రపోతోంది."

"నిన్నటిదానికేమయింది?" అంది బురుల్‌సున్, పొయ్యిలో బొగ్గు వేస్తూ.

"దానికి ఆయాసం. లైవ్ పెడితే నాలుగడుగులు వేసి ఆగిపోతుంది."

"మొన్నటిది బాగానే పరిగెత్తిందిగా?"

"పరిగెత్తింది. ఒళ్ళంతా ప్రకటనలు, పిడుదులు పట్టినట్టు."

"ఆ వెబ్ పేజీలోనే చూస్తే పోలా? లోకమంతా అలాగే చూస్తోంది."

"లోకం సంగతి నాకెందుకు? పేజీలో బొమ్మ వాళ్ళు ఇచ్చినంతే ఉంటుంది. లింకు తెచ్చి మంచి ప్లేయర్లో పెడితే మనం చెప్పినట్టు వింటుంది."

"ఇంట్లో మీరు చెప్పినట్టు వినేది ఇంకోటి ఎందుకు, నేనున్నానుగా," అని ఆవిడ బొగ్గు చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

ఒకసారి ఆయన అక్క సోనున్‌బూబూ, కూతురి పెళ్ళి వీడియో నెట్లో పెట్టారు, చూపించరా తమ్ముడూ అంటూ వచ్చింది. ఆ రోజు కొలువులో ఉన్న ప్లేయరుకు మాట ముందు, బొమ్మ వెనక. తెర మీద ఇంకా లారీలోంచి గొర్రెల్ని దింపుతున్నారు. అప్పుడే, కూతుర్ని సాగనంపుతూ సోనున్‌బూబూ వెక్కి వెక్కి ఏడ్చిన ఏడుపు వినిపిస్తోంది.

"ఇదేమిట్రా? గొర్రెల కోసం ఏడ్చాననుకుంటారు వియ్యాలవారు."

"కాసేపు ఓర్చుకో అక్కా, బొమ్మ వచ్చి కలుసుకుంటుంది."

కలుసుకోలేదు. పెళ్ళికూతురు గుమ్మం దాటకముందే దీవెనలన్నీ అయిపోయి, తెర మీద అక్క కన్నీళ్ళు తుడుచుకునే చోట మగపెళ్ళివారు విరగబడి నవ్వారు. సోనున్‌బూబూ టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. ఆవిణ్ణి మంచి చేసుకోవడానికి బురుల్‌సున్ పళ్ళెం నిండా బోర్సోకులు వేయించి పట్టుకెళ్ళాల్సి వచ్చింది. ఈయన చేసే ప్రతి ప్రయోగానికీ ఆవిడే పిండి కలపాలి.

ఇంతలో కోక్‌బోరు ఆఖరి పోటీ వచ్చిపడింది. గుర్రాల మీద మేక కోసం జరిగే పెనుగులాట అది. దాన్ని చూడాలంటే వీధిలో వాళ్ళంతా వీళ్ళింటికే వస్తారు. ఈసారి అందరికంటే ఎక్కువ చూడాల్సినవాడు ముకాంబెత్ తాత. బరిలో దిగుతున్న కష్కా అనే గుర్రం ఆయన ఇంట పుట్టింది. ఆయనే దాని నోట్లో పాలసీసా పెట్టి పెంచాడు. అలాంటి మనిషి శీతాకాలం మొదటినుంచీ పోటీలు చూడ్డానికి రావడం మానేశాడు. మోకాళ్ళంటాడు, బయట మంచు అంటాడు. ఇది కష్కాకి ఆఖరి పోటీ అట. కచ్కిన్‌బాయ్ స్వయంగా వెళ్ళి, బతిమాలి, చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు.

తాతను కూర్చోబెట్టేది గుమ్మానికి ఎదురుగా గది చివర, పరుపుల దొంతర ముందు. పెద్దవాళ్ళ చోటు అదే. కంప్యూటరేమో గుమ్మం పక్కన ఉంది, వైరు అక్కడే లోపలికి వస్తుంది. తాతను గుమ్మం దగ్గరకు జరుపుదామంటే ఆయన్ని చెప్పుల మధ్య కూర్చోబెట్టినట్టు. కంప్యూటరునే ఆ చివరికి మోసుకెళ్తే ఆయన దానికి వీపు పెట్టి కూర్చోవాలి. కాబట్టి కుర్రకారు తెర ముందు కూర్చుంటుంది, తాత దూరంనుంచి చూస్తాడు. ఎవరికీ ఇందులో వింత కనబడలేదు.

ఆట మొదలైంది. బొమ్మ అద్దంలా ఉంది. సరిగ్గా అప్పుడే కచ్కిన్‌బాయ్ ఆ ప్లేయరును మూసేశాడు.

"అన్నా, ఏం చేస్తున్నావ్?" అన్నాడు పక్కింటి ఎసెన్‌కుల్.

"కొత్తది పెడుతున్నా. పొద్దున్నే దొరికింది."

"పాతదానికేం రోగం?"

"ఉంది."

"అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఆట అయ్యాక దానికి ఏ వైద్యమైనా చేసుకో."

బురుల్‌సున్ చేతిలో టీ పళ్ళెంతో గది మధ్య నిలబడిపోయింది. ముసలాయన మంచులో నడిచొచ్చాడు. ఆయన గుర్రం అక్కడ పరిగెడుతోంది, ఈ మనిషి ఇక్కడ బొత్తాలు నొక్కుతున్నాడు. ఆవిడకు కోపం కూడా సరిగ్గా రాలేదు. ఏడుపు వచ్చింది.

కొత్త ప్లేయరు తెరుచుకుంది. కచ్కిన్‌బాయ్ ఏదో నొక్కాడు, బొమ్మ పెద్దదైంది. మళ్ళీ నొక్కాడు, ఇంకా పెద్దదైంది. తెరంతా ఒకే గుర్రం. మైదానం కొసలు కనబడకుండా పోయాయి. గుర్రం ఎటు వెళ్తే అటు ఆయన బొమ్మను జరుపుతున్నాడు. మాట కంప్యూటరు హద్దు దాటి కిటికీలు అదిరేలా వస్తోంది.

"అన్నా, మాకు గుర్రం పళ్ళు తప్ప ఏమీ కనబడ్డం లేదు."

"చాల్లే, చూడు."

బురుల్‌సున్ తాతకు టీ అందించడానికి వంగింది. ఆయన గిన్నె అందుకోలేదు. కళ్ళు చిట్లించకుండా తెరకేసి చూస్తున్నాడు.

"చెవులు వెనక్కి పెట్టాడు చూడమ్మా. చిన్నప్పుడూ అంతే. ఇహ వదలడు, మేక వాడిదే."

కష్కా వదల్లేదు. గదిలో అరుపులు లేచాయి. బురుల్‌సున్‌కి అప్పుడు గుర్తొచ్చింది. తాత కిందటిసారి వచ్చినప్పుడు అవతలి జట్టు గుర్రాన్ని చూసి కష్కా, కష్కా అని చప్పట్లు కొట్టాడు. కుర్రాళ్ళు నవ్వారు. ఆయన టోపీ కిందికి లాక్కుని, మోకాళ్ళ నొప్పులంటూ లేచి వెళ్ళిపోయాడు. ఈయనగారి ప్లేయర్ల పిచ్చి మొదలైంది ఆ మర్నాడే. చెబితే ముసలాయన చూపు సంగతి ఊరంతా పాకుతుందని కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పలేదు. ఎంత గడుసు మనిషి, అనుకుంది. ఆయన మీద జాలి, ప్రేమ, ఒళ్ళుమంట మూడూ ఒక్కసారే వచ్చాయి.

ఆట అయ్యాక తాత చెప్పులు వేసుకుంటూ అందరూ వినేలా అన్నాడు.

"ఒరేయ్ కచ్కిన్, నీ కంప్యూటరు ఇన్నాళ్ళకి బాగుపడిందిరా. పోయినసారి బొమ్మంతా ఒకటే మసక. పిలిచి టీ ఇచ్చినవాణ్ణి ఏం అంటాంలే అని, నెపం మోకాళ్ళ మీద పెట్టి ఊరుకున్నా."

ఎసెన్‌కుల్ నోరు తెరిచాడు. కచ్కిన్‌బాయ్ తల వంచుకున్నాడు.

"నిజమే తాతా. తప్పు నా కంప్యూటరుదే."

"నేనెన్నాళ్ళనుంచో మొత్తుకుంటున్నాను తాతా," అంది బురుల్‌సున్, ఎసెన్‌కుల్ నోట్లో ఒక బోర్సోకు కుక్కుతూ. "వింటేగా."