నాయన వెనక కంప్రెసర్

ఆళ్లగడ్డలో మా ఇంటి వెనక రేకుల షెడ్డే మా పనిచోటు. నాయన, నేను అందులోనే విగ్రహాలు చెక్కేవాళ్లం. ఆయనది సుత్తి, ఉలి. నాది గాలితో నడిచే ఉలి. దానికి గాలి అందించే కంప్రెసర్‌ను పన్నెండేళ్ల కిందట నాయన కూర్చునే బండ వెనకే పెట్టాను. ప్లగ్గు అక్కడే ఉంది మరి. ఇంకో వైరు లాగడానికి బద్ధకించాను, అంతే.

కొత్త రాయి దిగితే ముందు నాయన దాన్ని సుత్తితో నాలుగు చోట్ల తట్టి, చెవి ఆనించి వినేవాడు. గంటలా మోగితే రాయి మంచిది. గొంతు బొంగురు పోయినట్టు పలికితే లోపల పగులుంది. ఆయన సరేనన్నాకే రాయికి పసుపు కుంకుమ పెట్టేవాళ్లం. అది వినడం నేను నేర్చుకోలేదు. ఆయన ఉండగా నాకెందుకులే అనుకున్నాను.

ఉయ్యాలవాడ వైపు ఒక ఊరివాళ్లు అమ్మవారి విగ్రహం అడిగారు. రాయి దిగిన రోజు కంప్రెసర్ హోరెత్తుతూనే ఉంది. నాయన తట్టాడు, విన్నాడు, మళ్లీ తట్టాడు. నాకేమో తొందర. ఏదో ఒకటి తేల్చమని విసుక్కున్నాను. ఆయన రాయిని అరచేత్తో తడిమి, "బాగుండాదిలే" అన్నాడు.

రెండు నెలల పని. ముక్కు తీరుస్తుంటే కుడికంటి నుంచి చెంప దాకా పగులు విచ్చుకుంది. పగిలిన విగ్రహం పూజకు పనికిరాదు. ఊరివాళ్లు వచ్చి చూసి, ఇచ్చిన మజ్జిగ కూడా ముట్టకుండా లేచిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్లు గడప దాటకముందే నాయన మీద అరిచాను.

"నీకు వినపడల్యా? వినపడలేదని చెప్పేదానికేమి?"

ఆయన సుత్తిని గోనెసంచిలో పెట్టి ఇంట్లోకి పోయాడు. ఆ తర్వాత ఏ రాయినీ ముట్టలేదు.

నంద్యాలలో చెవుల డాక్టరుకు చూపించాను. పరీక్షలయ్యాక, ఇంట్లో ఏం మిషన్ ఉందని అడిగాడు. చెప్పాను. మీ నాయన కూర్చునేది దానికి ఎంత దూరంలో అన్నాడు. మూరెడు దూరమని చేత్తో చూపించాను. పోయిన వినికిడి తిరిగి రాదని, చెవి మిషన్ పెడితే మాటలు కొంత అందుతాయని చెప్పాడు. అదీ పెట్టించాను. నాయన దాంతో ఒక రాయిని తట్టి విని, మిషన్ తీసి నా చేతిలో పెట్టేశాడు. అన్ని రాళ్లూ రేకుడబ్బా మోగినట్టే ఉన్నాయట. ఆయన చెవులు తీసింది నేనే. ఆ మాట నాలో నేను ఎన్నిసార్లు అనుకున్నానో.

ఇక పిచ్చి పట్టినవాడిలా ఆ కంప్రెసర్ మీద పడ్డాను. పెరటి చివరకు ఈడ్చి, కాళ్ల కింద లారీ టైరు ముక్కలు వేసి, చుట్టూ ఇటుక గోడ కట్టి, పైన బేతంచెర్ల నాపబండ కప్పాను. లోపలంతా పాత పరుపు దూది కుక్కాను. మొదటి రోజే మోటారు వేడెక్కి ఆగిపోయింది. కొంప కాల్చుకుంటావా అని మెకానిక్ తిట్టాడు. దూదంతా పీకేసి, గాలి ఆడడానికి గోడలో వంకర దారి వదిలి, గాలి పీల్చే మూతికి సైలెన్సరు బిగించాను. అక్కడి నుంచి షెడ్డులోకి పొడుగు పైపు లాగాను. ఇప్పుడు మిషన్ నడుస్తున్నా షెడ్డులో పిచ్చుకల అరుపు వినపడుతుంది. అంతా కలిపి ఐదు రోజుల పని. పన్నెండేళ్లలో నాకు ఐదు రోజులు దొరకలేదు.

మొన్న కొత్త రాయి దిగింది. బతిమాలి నాయనను షెడ్డులోకి తీసుకొచ్చాను. ఆయన తన బండ మీద కూర్చుని, వెనక్కి చేయి చాపి కంప్రెసర్ కోసం తడిమాడు. చేతికేమీ తగల్లేదు. సంచిలోంచి సుత్తి తీసి నాకిచ్చాడు.

నాలుగు చోట్ల తట్టాను.

"ఏమంటాందిరా రాయి?" అని నా ముఖంలోకి చూశాడు.

చప్పుడు నాకు స్పష్టంగా వినపడింది. మంచిదో చెడ్డదో తెలియలేదు. రాయిని అరచేత్తో తడిమి, ఆయన చెవి దగ్గర గట్టిగా అరిచి చెప్పాను.

"బాగుండాదిలే నాయనా."