బండ మీద జింక

తొంభైల్లో ఓసారి ఉద్యోగం పని మీద విశాఖపట్నం వెళ్లినప్పుడు, పాత ఊరి సందులో ఒకావిడ కుళాయి దగ్గర బట్టలు ఉతుకుతూ కనిపించింది. ఆమె చెంబుతో నీళ్లు పోయగానే ఉతికే బండ మీద నల్లటి జింక ఒకటి తేలింది. నాలుగే గీతలు, అయినా ఇప్పుడే గెంతబోతున్నట్టుంది. కింద అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. పాత బీడీకట్టల లేబుళ్లు దాచుకునే పిచ్చి నాది. అక్కడే ఆగిపోయాను.

“ఏటి బాబూ, అలా సూత్తన్నారు?” అందామె.

“ఈ బొమ్మ ఎవరు వేశారమ్మా?”

“మా మావే. ప్రెస్సులో లేబుళ్లు అచ్చేసీ రాయి ఇది. మొన్నటిదాకా మంచం కిందే ఉండీది. ఆయనే తీసి ఇక్కడెయ్యమన్నాడు.”

అరుగు మీద కూర్చున్న ముసలాయన, ఆమె మామగారు, తలెత్తలేదు. ఉండబట్టలేక ఆయన దగ్గరికి వెళ్లి, ఇంత అందమైన బొమ్మ ఇన్నేళ్లూ చెరగకుండా మిగలడం అదృష్టం అన్నాను.

“అదురుష్టమేటి బాబూ,” అన్నాడాయన. “లేబులు అచ్చయిపోగానే ఇసకేసి తోమీసీవోలం. ఒక బొమ్మ సెరిపితేనే గదా ఆ రాయి మీద ఇంకోటి గీసీది. నాను గీసినవన్నీ అలాగే పోనాయి. ఇదొక్కటే ఉండిపోనాది. దీని తరవాత ఇంక పని రానేదు.”

నేను చూడాలని కోడలు పక్కకు జరిపిన తడి దుప్పటి వైపు ఆయన చెయ్యి చూపించాడు.

“నువ్వు ఉతుకమ్మా.”

ఆమె దుప్పటి ఎత్తి జింక మీద బాదింది.