వంకర లేని బుట్ట

ఇంకా బతికే ఉన్నానని పింఛను కోసం ఏటా ఇచ్చే కాగితం ఇవ్వడానికి పోయిన వారం కొత్తచెరువులో బ్యాంకుకు వెళితే, కౌంటరు మీద పెన్నులు పెట్టుకునే చిన్న బుట్ట ఒకటి కనిపించింది. పాత వార్తాపత్రికలను సన్నని గొట్టాల్లా చుట్టి అల్లినది. వరసలు గీత గీసినంత తిన్నగా ఉన్నాయి. దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వెనక వరసలో ఉన్న ఆయన, "ఏమప్పా పెద్దాయనా, బుట్ట బేరం చేస్తాండావా, సంతకం పెడతాండావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి సంతకం చేశాను గానీ, ఆ రోజంతా మనసు కుదుటపడలేదు.

నేను ముప్పై ఆరేళ్ళు బడిపంతులుగా చేశాను, అందులో చాలాభాగం కుందుర్పి వైపు పల్లెల్లోనే. తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేకపోవడం బడిలో గుణం, ఇంట్లో రోగం. రిటైరయ్యాక దిద్దడానికి నోటుపుస్తకాలు లేక పెళ్ళిపత్రికలు పట్టుకున్నాను. పిలవడానికి వచ్చినవాళ్ళు మంచినీళ్ళు తాగి లేచేలోపు వాళ్ళ పత్రికలో రెండు ఒత్తులు, ఒక దీర్ఘం సరిచేసి చూపించేవాణ్ణి. మా ఆవిడ వాళ్ళను వాకిలి దాకా సాగనంపి, సారుకు అదొక జబ్బు, మనసులో పెట్టుకోవద్దండి అని సర్దిచెప్పేది. ఊరంతా నన్ను సారు అంటారు కాబట్టి ఆమె కూడా అలాగే పిలుస్తుంది. అందులో మర్యాద ఎంతో, ఎగతాళి ఎంతో ఇన్నేళ్ళు కాపురం చేసినా నాకు అంతుపట్టలేదు.

ఆమె గోరంట్ల దగ్గర పట్టుపురుగులు పెంచే ఇంట్లో పుట్టింది. పురుగులు గూళ్ళు కట్టుకోవడానికి వెదురుతో అల్లే పెద్ద తట్టలను చంద్రికలంటారు. వాటిలో ఊడిన బద్దను చూడకుండానే వేళ్ళతో తడిమి బిగించేదని వాళ్ళ అక్క గొప్పగా చెబుతుంది. అలాంటి చేయి రెండేళ్ళ క్రితం ఎండాకాలంలో, నీళ్ళ ట్యాంకరు వచ్చిన ఒక ఉదయం, బిందె ఎత్తబోతూ సగంలో పట్టు వదిలేసింది. పక్షవాతం. వారానికి మాట తిరిగొచ్చింది, నెలన్నరకు కాలు తిరిగొచ్చింది. కుడిచేయి మాత్రం ఎవరో మరిచిపోయి పెట్టిపోయిన వస్తువులా ఆమె ఒళ్ళో పడి ఉండేది.

ఆసుపత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. పాత కాగితాలు చుట్టి, ఆ గొట్టాలతో చిన్న బుట్ట అల్లమంది. చుట్టడంలో వేళ్ళకు, అల్లడంలో మణికట్టుకు పని దొరుకుతుందట. చేతికి కదలిక మొదటి కొన్ని నెలల్లో వచ్చేదే ఎక్కువ, ఆ తర్వాత కష్టమని కూడా చెప్పింది. చివర్లో నా వైపు తిరిగి, "ఎంత వంకరగా వచ్చినా ఆమెనే చేయనియ్యండి సార్. మీరు చేయి పెట్టొద్దు" అంది. నేను తల ఊపాను. తల ఊపడానికేముంది, ఎవరైనా ఊపుతారు.

కాగితాలకు మా ఇంట్లో కొదవ లేదు. అటక మీద గోనెసంచి నిండా పాత పరీక్షల జవాబు కాగితాలున్నాయి. ఒక్కొక్కటి విదిలిస్తే బొద్దింకల వాసన, దుమ్ము. వాటిని నిలువుగా చీల్చి, సైకిల్ పుల్ల మీద ఏటవాలుగా చుట్టి, అంచుకు మైదా గంజి రాసి ఎండలో పెడితే పావుగంటకు గొట్టం గట్టిపడుతుంది. మా అనంతపురం వైపు దేనికి కరువైనా ఎండకు కరువు లేదు. అట్టముక్క చుట్టూ గొట్టాలు నిలబెట్టి, మధ్యలో ఆకారం కోసం స్టీలు లోటా పెట్టి, ఒక గొట్టాన్ని లోపలికీ బయటికీ తిప్పుతూ అల్లాలి. ఆమె ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి, గొట్టం అంచు మీద పెట్టి, కదలమని దాన్ని బతిమాలుకునేది. ఒక్క వరసకు మూడు రోజులు, నాలుగు రోజులు. నాలుగు వరసలయ్యేసరికి బుట్ట ఒక పక్కకు ఒరిగిపోయింది. నేను ఎదురుగా పేపరు పట్టుకుని కూర్చునేవాణ్ణి. చదివింది ఒక్క ముక్క లేదు. నా కళ్ళు ఆ వంకర మీదే ఉండేవి.

వాళ్ళ అక్క మరునాడు గోరంట్ల నుంచి చూడటానికి వస్తోందని కబురొచ్చింది. ఆ మధ్యాహ్నం మా ఆవిడ నిద్రపోతున్నప్పుడు నేను బుట్టను ఒళ్ళో పెట్టుకుని, నాలుగు వరసలూ విప్పి, మళ్ళీ అల్లాను. గంట కూడా పట్టలేదు. వంకర బుట్ట చూసి వదిన నొచ్చుకుంటుందని నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. నా ఇంట్లో అలాంటిది నలుగురి కంటా పడటం నాకు నామోషీ అనిపించింది.

వదిన రాగానే బుట్ట ఎత్తి చూసి, "ఇంగేమమ్మే, నీ చెయ్యి వచ్చేసిండాది. మేము ఊరికే భయపడితిమి" అంది. సంతోషంతో ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా ఆవిడ బుట్ట వైపు చూసింది, తర్వాత నా వైపు. నేను కాఫీ పెడతానని లోపలికి పోయాను. అక్కడే, ఆ క్షణాన, నేను చేశానని ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

సాయంత్రం బస్సుకు అక్క వెళ్ళిపోయాక మా ఆవిడ అడిగింది.

"నా వంకర యాడ పోయింది, సారూ?"

కాస్త బిగించానంతే అన్నాను.

"పదైదు దినాలు పట్టింది నాకు ఆ నాలుగు వరసలు. మూడో వరసలో చిటికెనేలు కదిలింది. అది ఆడ కనపడతాండె. ఇప్పుడు యాడ చూసుకోవల్ల నేను?"

ఆమె కోప్పడలేదు. కోప్పడితే బతిమాలుకునే దారి ఉండేది. పొద్దున్నే గొట్టాలు, గంజి గిన్నె తెచ్చి ముందు పెడితే, ఎడమచేత్తో మెల్లగా పక్కకు జరిపింది. వారం రోజులు అలాగే జరిపింది. వ్యాయామం అమ్మాయి వచ్చి నచ్చజెప్పినా, సారు బాగా అల్లుతాడు, ఆయనకే నేర్పించమ్మా అని నవ్వి ఊరుకుంది. నాకు దిక్కు తోచక ఒకరోజు ఆమె ఎదురుగానే బుట్టను విప్పి, మునుపటి వంకర తెప్పించాలని కూర్చున్నాను. కావాలని వదులు చేశాను, కావాలని ఒకవైపు లాగాను. ఎంత లాగినా అది ఆమె వంకర కాలేదు. ఆమె చాలాసేపు చూసి, "అది నీ వంకర సారూ. విడిచిపెట్టు" అంది.

ఆ తర్వాత ఆమె మళ్ళీ గొట్టం ముట్టలేదు. ఇప్పుడు ఆమెకు తల దువ్వేది నేనే, రవికె గుండీలు పెట్టేది నేనే. ఆ చేయి ఎలాగూ వచ్చేది కాదేమోనని తెలిసినవాళ్ళు అంటారు. కావచ్చు. వచ్చేదేమో కూడా. రెండింటిలో ఏది నిజమో తెలుసుకునే వీలు లేకుండా చేసింది నేనే, దానికి విరుగుడు ఏ ఆసుపత్రిలోనూ లేదు. వయసైపోయి ఇంట్లో కూర్చున్న మనిషి దగ్గర ఖాళీగా పడి ఉండేది కాలం ఒక్కటే. ఆమె చేయి నన్ను అడిగిందీ అదొక్కటే, అదీ కొన్ని నెలలు.